ఎన్‌ఐసీయూ గుమ్మం దగ్గర



"పిల్లల డాక్టరువి కదా, నాలుగు మాటలు చెప్పు" అన్నారు కార్యదర్శిగారు. పండుగ పూట చెప్పే సంగతి కాదు గానీ, మనలో చాలామంది తాతలూ అమ్మమ్మలూ అయ్యారు కనుక చెబుతున్నాను.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఊపిరి అందకపోతే గొంతులో సన్నని గొట్టం వేసి వెంటిలేటర్ పెడతాం. ప్రాణం నిలిపేది ఆ గొట్టమే, క్రిములకు దారి ఇచ్చేదీ అదే. వెంటిలేటర్ పెట్టిన రెండు రోజులు దాటాక వచ్చే న్యుమోనియాను ఆసుపత్రిలో అంటుకున్నదిగానే లెక్కిస్తాం.

ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో 2011 నుంచి 2014 దాకా పసికందుల రక్తంలో చేరే క్రిములపై అధ్యయనం చేశారు. అన్నిటికంటే ఎక్కువగా దొరికింది ఎసినెటోబ్యాక్టర్. అందులో 82 శాతం పలు రకాల మందులకు లొంగనివి. క్లెబ్సియెల్లాలో 54 శాతం. వెంటిలేటర్ మీదున్న పిల్లల ఊపిరితిత్తులను పట్టేవాటిలోనూ ఈ రెండూ ముందుంటాయి. ఎసినెటోబ్యాక్టర్ మరీ మొండిది, పొడిగా ఉన్న మంచం కమ్మీ మీద కూడా రోజుల తరబడి బతుకుతుంది.

ఇక మిగిలేది కొలిస్టిన్. కిడ్నీలకు చేటని ఒకప్పుడు పక్కన పెట్టిన పాత మందు. గతిలేక మళ్ళీ బయటికి తీశాం. దాన్ని కోళ్ళకు, చేపల చెరువులకు కూడా వాడుతుంటే 2019లో కేంద్రం నిషేధించింది.

నేను కొత్తగా చేరిన ఆసుపత్రిలో ఒక రాత్రి ఒకే నర్సమ్మ ఆరుగురు పిల్లల్ని చూస్తోంది. ఒక బిడ్డకు గొట్టం ఊడిందని కేకేస్తే, పక్క బిడ్డ దగ్గర నుంచి అలాగే పరిగెత్తాను. చేతులు కడగలేదు. తొమ్మిది వందల గ్రాముల ఆ పాప ఐదో రోజున పోయింది. కల్చర్ రిపోర్టు ఆ మర్నాడు వచ్చింది. క్రిమి నా చేతుల మీదుగానే వెళ్ళిందో లేదో ఎప్పటికీ తెలియదు. "మందే లేదా సార్?" అని వాళ్ళ నాన్న అడిగిన గొంతు మాత్రం ఇప్పటికీ వినబడుతుంది.

ప్రార్థన దగ్గర గోళ్ళు చూసి బెత్తం తగిలించిన డ్రిల్లు మాస్టారు ఆ రాత్రి గుర్తొచ్చారు. అప్పట్లో ఆయన్ని ఎంత తిట్టుకున్నామో మీకూ తెలుసు.

మీ ఇంటి బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే చుట్టాలందరూ వెళ్ళకండి. తల్లిపాలు పిండి ఇవ్వనివ్వండి. డాక్టర్ని అడగడానికి మొహమాటపడకండి. ఈమధ్య ఒక నాయనమ్మ నన్నే గుమ్మంలో ఆపి, "చేతులు కడిగావా బాబూ?" అంది. కడిగానన్నాను. అని, వెనక్కి వెళ్ళి మళ్ళీ కడుక్కొచ్చాను.