పుల్లలకు వెళ్ళే దారిలో జబ్బు



జబ్బు అనగానే మనకు క్రిమి గుర్తొస్తుంది, మందు గుర్తొస్తుంది. ఆ క్రిమి మన దాకా ఏ దారిన వచ్చిందని మాత్రం అడగం. ఆ దారి ఎలా పడుతుందో తెలియడానికి పొరుగున ఉన్న కర్ణాటకలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

1957లో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు వరసగా చచ్చిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు తీవ్రమైన జ్వరం, ఒళ్ళునొప్పులు, కొందరికి రక్తస్రావం. అక్కడివాళ్ళు దీన్ని 'మంగన కాయిలె' అన్నారు. అంటే కోతి జబ్బు. అయితే మనిషికి దీన్ని ముఖ్యంగా అంటించేది అడవిలో ఉండే పిడుదు. మన పశువులకు పట్టే గోమారి లాంటిదే. ఒక మనిషి నుంచి ఇంకొకరికి అంటదు కాబట్టి రోగిని వెలివేయనక్కర్లేదు.

అడవి కొట్టి పొలాలు చేశారు. పశువులు మేతకు మిగిలిన అడవిలోకి వెళ్ళాయి. వాటి రక్తం తాగి పిడుదులు పెరిగాయి. 1982-83లో దక్షిణ కన్నడ జిల్లాలో జీడిమామిడి తోటల కోసం అడవి నరికినచోట ఈ జబ్బు మళ్ళీ విజృంభించింది. 2012 తర్వాత కేరళ, గోవా, మహారాష్ట్రల్లోనూ కనిపించింది.

డిసెంబరు నుంచి మే దాకా పిల్ల పిడుదుల కాలం. ఆకు రాలే కాలమూ అదే. కొట్టంలో పరచడానికి ఎండుటాకులు, పొయ్యిలోకి పుల్లలు తేవడానికి అడవికి వెళ్ళేది అప్పుడే. చాలా ఇళ్ళలో ఆ పని ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు. జబ్బుపడిన నూరుమందిలో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతారు. దీన్ని నయం చేసే ప్రత్యేకమైన మందు లేదు.

"అడవిలోకి వెళ్ళకండి" అని చెప్పడం తేలిక. వెళ్ళకపోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? అడవి నరకాలని నిర్ణయించినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. జబ్బు వచ్చాక మాత్రం జాగ్రత్త అంతా ఆమె బాధ్యతే అయింది.

అందుకే ఇది ఆరోగ్య సమస్యే కాదు, హక్కుల సమస్య కూడా. అడవికైనా, చెరువుకైనా మార్పు తలపెట్టినప్పుడు, దానివల్ల ఏ జబ్బులు రావచ్చో గ్రామసభలో ముందే చెప్పమని నిలదీద్దాం. జబ్బు ఉన్నచోట వంటచెరకుకు బదులు ఏమిస్తారో, పని మానుకున్న రోజుల కూలి ఎవరిస్తారో అడుగుదాం. అడవిలో కోతి చచ్చిందన్న కబురు ముందుగా చేరవలసింది తెల్లారి పుల్లలకు బయలుదేరే మనిషికి. అది ఆమెకు చేరేలా చూడటం మన పని.