ఓటమి రోజుల్లో పుట్టిన పాట



ఈ రోజు డెన్మార్క్ కవిత్వాన్ని ముందుపెట్టుకుని జాతీయత గురించి మాట్లాడతాను. జాతి తన రూపాన్ని తరతరానికీ మళ్లీ రాసుకుంటుందనీ, ఆ రాతలో దేశాన్ని నిలదీసిన కవికి కీర్తించిన కవితో సమానమైన చోటుందనీ నా వాదన. ఆడమ్ ఊలెన్‌ష్లేగర్ 1819లో రాసిన పాట నేడు అక్కడి జాతీయగీతం. బీచ్ వృక్షాలు, సముద్రతీరం, ప్రాచీన దేవత ఫ్రేయా కనిపించే ఆ పాట చదివితే, ఆ దేశానికి ఏనాడూ ఏ కష్టమూ రాలేదనిపిస్తుంది. కానీ 1807లో బ్రిటిష్ ఫిరంగులు కోపెన్‌హాగెన్‌ను తగలబెట్టాయి. 1813లో ప్రభుత్వం దివాలా తీసింది. మరుసటి ఏడే నార్వే చేజారింది. ఆ ప్రశాంతత గాయపడిన జనం కోసం కవి కల్పించి ఇచ్చిన ఊరట.

కొత్త కవులు చేస్తున్నదీ జాతి రూపాన్ని మళ్లీ రాసే పనే. దేశానికి ఆపద వస్తే లేస్తాడని చెప్పుకునే వీరుడు హోల్గర్ డాన్స్కె క్రోన్‌బోర్గ్ కోట నేలమాళిగలో నిద్రిస్తున్నాడని డేనుల నమ్మిక. కొరియాలో పుట్టి డేనిష్ ఇంటికి దత్తత వచ్చిన మాయా లీ లాంగ్‌వాద్ 2006లో తన తొలి పుస్తకం పేరులోనే ఆ వీరుణ్ణి వెతకమంది. డేన్ కావడానికి పుట్టుక కావాలా, పెంపకం చాలదా అన్న ప్రశ్న ఆ పుస్తకమంతా వినిపిస్తుంది. 2013లో పాలస్తీనా మూలాలున్న పద్దెనిమిదేళ్ల యాహ్యా హసన్ తన పేరునే పుస్తకానికి పెట్టి, కవితలన్నీ పెద్దక్షరాల్లో అచ్చువేశాడు. అప్పటికి అరవై లక్షలు కూడా లేని జనాభాలో లక్షకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

హసన్‌ది కోపమే గానీ జాతీయత ఎలా అవుతుందని కొందరంటారు. వలస కుటుంబాల మీద ద్వేషానికి అతని కవితలు ఆయుధమయ్యాయన్న అభ్యంతరం ఇంకా బలమైనది, తేలిగ్గా తోసేయలేనిది. తండ్రి దెబ్బల గురించీ, మతం పేరిట కపటం గురించీ రాసిన పుటలను మాత్రమే ఎత్తి చూపినవాళ్లు ఉన్నారు. అయితే తాను పెరిగిన ప్రభుత్వ సంరక్షణ గృహాలను కూడా ఆ పుస్తకం వదల్లేదు. ఇంటినీ రాజ్యాన్నీ ఒకే గొంతుతో నిలదీయడం ఆ సమాజం తనదనుకున్నవాడికే సాధ్యం. అతను 2020లో, ఇరవై నాలుగేళ్లకే మరణించాడు.

అదే ఏడాది, 1894 నుంచి వస్తున్న డెన్మార్క్ జానపద ఉన్నత పాఠశాలల పాటల పుస్తకం కొత్త కూర్పులో కోపెన్‌హాగెన్ రంజాన్ మీద గాయకుడు ఇసామ్ బి పాట చేరింది. పెద్ద వివాదమే రేగింది. అయినా సంపాదకులు దాన్ని తీసేయలేదు. ఊలెన్‌ష్లేగర్ పాటా అదే పుస్తకంలో ఉంది.