రసీదు లేని బేరము

కుట్టుపనితో సంసారమును నెట్టుకొనివచ్చు ఒక ఇల్లాలు, కూడబెట్టిన సొమ్ముతో కుట్టుమిషనుకు మోటారు కొన్నదనుకొందము. వారము తిరుగకమునుపే అది ఆగిపోయినది. దుకాణమునకు పోగా, "రసీదు ఏదమ్మా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆమె నోరు మూతపడినది. రసీదును ఆమె పారవేయలేదు, వర్తకుడే ఈయలేదు.

శ్రోతలారా, రసీదు బేరమునకు సాక్ష్యము మాత్రమే. 1930 నాటి వస్తు విక్రయ చట్టము నోటిమాటతో కుదిరిన బేరమును సైతము ఒప్పందముగా అంగీకరించినది. ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, రసీదు ఈయకుండుటను అక్రమ వర్తక పద్ధతిగా పేర్కొన్నది. లోపమున్న వస్తువును రసీదులో తెలిపిన గడువులోపల, గడువు తెలుపనిచో 30 దినములలోపల, తిరిగి తీసికొన నిరాకరించుటయు అట్టిదే. తాను ఈయని కాగితమును చూపుమని వర్తకుడు పట్టుబట్టుట న్యాయము కాదు.

సాక్ష్యము వేరు రూపములలోను దొరకును. బ్యాంకు ఖాతాలోని చెల్లింపు పద్దు, ఫోనుకు వచ్చిన సందేశము, దుకాణపు ముద్రగల హామీపత్రము, కొన్నప్పుడు వెంటనున్నవారి మాట, ఇవన్నియు పనికివచ్చును. వీనితో ముందుగా వర్తకుని మర్యాదగా అడుగవలెను. వినకున్నచో 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. తాము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనుకు రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవచ్చును; చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు.

అయితే చేజారి పగిలినదానిని లోపమనుట, ఒక కొట్టులో కొన్నదానిని వేరొక కొట్టువానికి అంటగట్టుట తగదు. అబద్ధపు ఫిర్యాదు ఒక్కటి చాలును, తరువాత వచ్చువారి నిజము కూడ అనుమానము పాలగుటకు.