వేరుకు కాయని వేరుశనగ

ముదిగుబ్బ ఎర్రనేలల్లో పుట్టి పెరిగిన వాళ్లకు శెనక్కాయ గురించి చెప్పడమేమిటని అనుకోవచ్చు. కానీ చేను పక్కనే పెరిగి, ఉద్యోగాలకు వెళ్లినవాళ్లలో ఎంతోమంది నడివయసు దాకా అది వేరుకే కాస్తుందని నమ్ముతారు. తప్పు వాళ్లది కాదు, వేరుశనగ అన్న పేరే అలా నమ్మిస్తుంది.

నిజానికి అది పువ్వు నుంచి వచ్చే కాయ. విత్తిన నెలరోజులకు అటూఇటుగా ఆకుల నడుమ పసుపు పూలు పూస్తాయి. పువ్వు వాడిపోయాక దాని అడుగునుంచి సన్నని ఊడ ఒకటి నేలవైపు సాగుతుంది. దాని కొసనే గింజ కాబోయే అండం ఉంటుంది. ఊడ మట్టిలోకి దిగి, చీకటి తగిలాకే కాయ ఊరుతుంది. ఎంత చక్కని ఏర్పాటో చూడండి!

అందుకే ఊడలు దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే మన రైతుకు అంత దిగులు. ఎండి గట్టిపడిన నేలలోకి ఊడ దిగలేదు. పూత నిండుగా ఉన్నా కాయ ఉండదు. ఎకరాకు 200 కిలోల జిప్సం ఆ సమయంలోనే చెట్ల మొదళ్ల దగ్గర వేయమనడానికీ కారణముంది. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. అది చాలకపోతే తాలుకాయలే మిగులుతాయి.

మరి వేర్లకు ఉండే ఆ చిన్న బుడిపెలు? అవి పిందెలు కావు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే సూక్ష్మజీవుల ఇళ్లు. ఈసారి చెట్టు పీకినప్పుడు పిల్లలకు ఊడనూ, బుడిపెనూ విడివిడిగా చూపించండి.