పులుల మనిషి ఫతే సింగ్ కథలో ఊళ్లు ఎక్కడున్నాయి?



ఈరోజు మీకు ఒక ఫారెస్టు ఆఫీసరు గురించి చెప్తాను. ఫారెస్టోళ్ల మాటెత్తితేనే మీలో సగం మంది మొహం తిప్పుకుంటారని తెలుసు. అయినా వినండి. పులుల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ తలుచుకునే మనిషి ఇతను. పేరు ఫతే సింగ్ రాథోర్.

1938లో జోధ్‌పూర్ దగ్గరి ఒక పల్లెలో పుట్టాడు. రాజస్థాన్ అటవీ శాఖలో చేరిన కొత్తలోనే, 1961లో, బ్రిటన్ రాణి ఎలిజబెత్, ఆమె భర్త ఫిలిప్ మన దేశానికొచ్చారు. ఫిలిప్ కోసం రణథంబోర్‌లో పులివేట పెట్టారు. ఆ ఏర్పాట్లు చేసిన సిబ్బందిలో ఫతే సింగ్ కూడా ఉన్నాడు. అంటే పులిని కాపాడి పేరు తెచ్చుకున్న మనిషి ఉద్యోగం మొదలైందే వేట ఏర్పాట్లతో. పాత ఫొటోల్లో చచ్చిన పులి పక్కన తుపాకీ పట్టుకుని నిలబడ్డది ఎవరో చూడండి. రాజులు, దొరలు, వాళ్ల చుట్టాలు. పులులు తగ్గిపోయాక మాత్రం ఖాళీ చేయాల్సింది అడవిలో ఉన్న ఊళ్లు.

1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చింది. మొదటి తొమ్మిది రిజర్వుల్లో రణథంబోర్ ఒకటి. లోపల గుజ్జర్లు, మీణాల ఊళ్లు, పొలాలు, పశువులు. వాటిని బయటికి తరలించే పని ఫతే సింగ్ మీద పడింది. ఆయన లాఠీలు పంపలేదని, ఊరి పెద్దలతో కూర్చుని ఓపిగ్గా నచ్చజెప్పాడని ఆయన్ని ఎరిగినవాళ్లు రాశారు. నిజమే కావచ్చు. కానీ నా ప్రశ్న ఒకటే: ఆ పెద్దలు "మేం రాం" అని ఉంటే ఏమయ్యేది? అప్పటికి ఆ మాటకు బలమిచ్చే చట్టం లేదు. కాదనే హక్కు లేనోడు ఔనంటే దాన్ని ఒప్పుకోలు అనాలా?

బయట కట్టిన కొత్త ఊరికి కైలాష్‌పురి అని పేరు పెట్టారు. ప్రాజెక్ట్ టైగర్ మొదటి డైరెక్టర్ కైలాష్ సాంఖలా పేరు అది. ఊరు పోయింది జనానిది, పేరు ఆఫీసరుది. దీని గురించి నేనేం చెప్పను, మీరే అనుకోండి.

పులులు మాత్రం తిరిగొచ్చాయి. అది కాదనలేం. అంతకుముందు రాత్రిపూట మాత్రమే తిరిగే పులులు పట్టపగలు చెరువుల దగ్గర కనిపించసాగాయి. ఒక ఆడపులికి ఆయన తన కూతురి పేరే పెట్టాడు, పద్మిని అని. దాని పిల్లల్ని తన పిల్లల్లాగే వెంటాడి చూసేవాడు.

ఇంకోపక్క, మేత భూమి పోయిన జనం కడుపులో మంట ఆరలేదు. కరువు వచ్చినప్పుడల్లా పశువులు లోపలికే పోయేవి, గార్డులు తోలేవారు. 1981లో ఒకరోజు ఊరివాళ్లు ఫతే సింగ్ మీద పడి కొట్టారు. చచ్చిపోయాడనుకుని వదిలేశారు. ఎముకలు విరిగి నెలల తరబడి మంచం పట్టాడు. పుస్తకాల్లో ఇది ఒక వీరుడి కథ. కొట్టినవాళ్ల కథ ఎవరు రాశారు?

ఆయన జీవితంలో నాకు నచ్చిన భాగం రిటైరయ్యాక వస్తుంది. టైగర్ వాచ్ అనే సంస్థ పెట్టాడు. రణథంబోర్‌లో పులులు మాయమవుతున్నాయని సర్కారు ఒప్పుకోకముందే గట్టిగా చెప్పాడు, శాఖతో గొడవ పెట్టుకున్నాడు. దొంగవేటలో దొరికినవాళ్లలో మోగ్యాలున్నారు. తరతరాల వేటగాళ్లు, భూమి లేనివాళ్లు. పంటల్ని అడవిపందుల నుంచి కాయడానికి రైతులే వాళ్లను పెట్టుకునేవారు. వాళ్లను జైలుకు పంపితే పని అయిపోదని ఆ సంస్థకు అర్థమైంది. మోగ్యా పిల్లలకు హాస్టల్ పెట్టి చదివించారు, ఆడవాళ్లకు చేతిపనులు చూపించారు. 2011 మార్చిలో ఫతే సింగ్ చనిపోయాడు.

ఇదంతా రాజస్థాన్ సంగతి, మనకెందుకంటారా? 2025 మేలో కుమ్రం భీం జిల్లాలో పులుల కారిడార్ కోసం జీవో 49 వచ్చింది. మనవాళ్లు రోడ్డెక్కితేనే జూలైలో ఆపారు. ఆపారు, అంతే. రేపు మీ ఊరికీ మంచి మాటల ఆఫీసరు రావచ్చు, మంచి మనిషే కావచ్చు. కానీ ఫతే సింగ్ నాటికి లేనిది ఇప్పుడు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2) ప్రకారం, పులుల అభయారణ్యంలో అయినా సరే, ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. కలిసి బతకడానికి వేరే దారి లేదని తేల్చాలి. పునరావాసం సంగతి మొత్తం చెప్పి, గ్రామసభ ఇష్టపూర్వక అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి. కొత్తచోట వసతులన్నీ పూర్తయ్యేదాకా ఎవర్నీ కదిలించకూడదు.

కర్ణాటకలో బిలిగిరి రంగన కొండల సోలిగల్ని చూడండి. 2011లో టైగర్ రిజర్వు లోపలే సాముదాయక హక్కు పత్రాలు తీసుకున్నారు. అక్కడ పులులూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు.

సెక్షన్ 4(2) తెలుగులో ప్రింట్ తీసి గ్రామసభకు పట్టుకుపోండి. చదువురాని పెద్దలకు చదివి వినిపించండి. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చూడకుండా ఖాళీ కాగితం మీద మాత్రం ఎవర్నీ వేలిముద్ర వేయనివ్వకండి.