గోదావరీ నౌకావిహారము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గోదావరి ఒడ్డున పుట్టినవానికి పడవ క్రొత్త వస్తువు కాదు. భద్రాచలము, దుమ్ముగూడెము, బూర్గంపాడు, కూనవరము మున్నగు గ్రామములవారు ఒకనాడు సంతకు పోవలెనన్నను, పెండ్లికి పోవలెనన్నను, రోగిని వైద్యునియొద్దకు చేర్చవలెనన్నను పడవనే ఆశ్రయించిరి. రాజమహేంద్రవరము నుండి శ్రీరామనవమి యాత్రకు వచ్చు భక్తులు పాపికొండల నడుమగా నదికి ఎదురుగా ప్రయాణము చేసి భద్రాద్రి చేరెడివారు. 1965లో భద్రాచలము వద్ద వారధి ప్రారంభమైనది. అటుపిమ్మట బస్సులు పెరిగినవి, రేవులు పలుచబడినవి. ఆనాడు అవసరముగా నున్న పడవ నేడు వినోదమైనది.

వినోదము తప్పు కాదు. అలసిన మనస్సునకు నీటిపై నాలుగు గడియలు గడపుటకంటె మంచి మందు లేదు. కాని ఈ మార్పువలన ఒక చిక్కు కలిగినది. అవసరమునకై పడవ నెక్కినవాడు నది నెరిగినవాడు. ఏ మాసమున నీరు ఎంత యుండునో, ఏ మలుపున సుడి యున్నదో, ఏ లంకచాటున ఇసుక మేట వేసినదో అతనికి తెలియును. నీరు ఎర్రబారినచో ప్రయాణము మానుకొనును. వినోదమునకై ఎక్కువాడు దూరపు పట్టణమునుండి ఒక్క దినపు సెలవుపై వచ్చును. అతనికి నది తెలియదు. తెలియదన్న సంగతియు తెలియదు. టిక్కెట్టు కొన్నాడు గనుక పడవ కదలవలె ననును. నేటి ప్రసంగమునకు విషయము ఇదియే: విహారమునకు పోవువాడు నదిని గూర్చి ఏమి తెలిసికొనవలెను?

ముందుగా ఈ నదిపై కట్టిన కట్టడములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. సర్ ఆర్థర్ కాటను దొర ధవళేశ్వరము వద్ద 1847లో ఆనకట్ట పనిని ప్రారంభించగా 1852 నాటికి అది పూర్తియైనది. ఆనకట్ట వలన పొలములకు నీరు వచ్చినదని ఎల్లరకు తెలియును. కాని కాటను దృష్టిలో కాలువ యనునది నీరు పారు మార్గమే కాదు, పడవ నడచు మార్గము కూడ. అందుచేతనే డెల్టా కాలువలపై లాకులు కట్టిరి.

లాకు పనిచేయు విధము సులభము. ఎగువ నీటిమట్టమునకును దిగువ నీటిమట్టమునకును నడుమ రాతితో ఒక పెద్ద తొట్టి కట్టుదురు. దానికి రెండు కొనలందును జంట తలుపులుండును. దిగువనుండి వచ్చిన పడవ తొట్టిలో ప్రవేశించిన పిమ్మట వెనుకటి తలుపులు మూసి, చిన్న తూముల ద్వారా ఎగువ నీటిని మెల్లగా లోనికి వదలుదురు. నీటితో బాటు పడవయు లేచును. లోపలి నీరు ఎగువ నీటికి సమమైనప్పుడు ముందరి తలుపులు తెరచుకొనును, పడవ సాగిపోవును. దిగునప్పుడు ఇదే పని తలక్రిందులుగా జరుగును. ఈ తలుపులు ఎగువ వైపునకు మొనదేలి కోణముగా మూయబడుటచే, నీటి ఒత్తిడి పెరిగినకొలది మరింత బిగిసికొనును. రెండు వైపుల నీరు సమము కానంతవరకు ఎంతటి బలశాలియైనను వానిని తెరువజాలడు. తొందరపడువానికి లాకు త్రోవ ఇయ్యదు.

కాటను ఆలోచన ధవళేశ్వరముతో ఆగలేదు. నాగపురము, బీరారు ప్రాంతముల ప్రత్తిని గోదావరి మీదుగా సముద్రతీరమునకు దింపవలెనని అతడు తలచెను. ఈ మార్గమునకు మూడుచోట్ల బండలు, పడుదలలు అడ్డముగా నున్నవి. అందు మొదటిది దుమ్ముగూడెము, రెండవది ఇచ్చంపల్లి, మూడవది దేవలమర్రి. వీనిని దాటించుటకై ఆనకట్టలు, ప్రక్క కాలువలు, లాకులు కట్టు పని హేగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున జరిగినది. ఇంతలో 1867లో రైలు నాగపురము చేరినది. ప్రత్తి రైలెక్కినది. ఖర్చు మిక్కుటమగుచున్నదని ప్రభుత్వము 1871లో ఎగువ గోదావరి పనులను నిలిపివేసినది. భద్రాచలమునకు ఎగువను సుమారు 25 కిలోమీటర్ల దూరమున దుమ్ముగూడెము ఆనకట్ట ఆ ప్రయత్నమునకు సాక్షిగా నేటికిని నిలిచియున్నది. ఓడల కొరకు కట్టిన కట్ట మీద ఓడలు నిలువలేదు. కట్ట మాత్రము నిలిచినది.

నౌకామార్గములు వర్ధిల్లిన కాలమున పడవకును పుస్తకమునకును చుట్టరికము కలిసిన ఉదంత మొకటి ఈ రజతోత్సవవేళ స్మరింపదగియున్నది. గ్రంథాలయోద్యమ సేవకులగు పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా డెల్టాయందు పడవలపై గ్రంథాలయమును నడపిరి. కాలువలో మెల్లగా సాగు పడవయందు ప్రయాణికులకు తీరిక మెండు. ఆ తీరికను ఆయన చదువునకు వినియోగింపజేసిరి. నీటిపై గడపు కాలము వ్యర్థము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

విహారపు పడవలు, లాకులు, ఆనకట్టలు ఒకేచోట కలిసియున్న దేశములలో ఈ విషయమై ఏ మర్యాద యున్నదో చూచుట మంచిది. అమెరికా ఖండమున మిస్సిసిపి నది ఎగువభాగమందు 29 చోట్ల ఆనకట్టలును లాకులును వరుసగా నున్నవి. సరకుల నావలు, విహారపు చిన్న పడవలు ఆ లాకుల గుండనే పోవును. సరకుల నావకు మొదటి త్రోవ. విహారపు పడవ తన వంతు వచ్చువరకు కాచుకొని యుండవలెను. తొట్టిలో నున్నప్పుడు గోడనుండి వ్రేలాడు త్రాటిని చేత పట్టుకొనవలెనే గాని పడవకు గట్టిగా ముడివేయరాదు. నీరు దిగుచుండగా ముడి బిగిసినచో పడవ ఒరిగిపోవును. నీటితో పాటు వదలుచు పోవువానికి ఏ హానియు లేదు. అక్కడి విహారులు నేర్చు మొదటి పాఠము ఇదియే.

ఇక ఈ ప్రాంతపు నేటి స్థితి. పాల్వంచ సమీపమున అభయారణ్యము నడుమ కిన్నెరసాని జలాశయమున్నది. అచ్చట నీరు నిలుకడగా నుండును; చుట్టును కొండలు, అడవి. పిల్లలతో పోవువారికి ఇట్టి చోటు అనుకూలము. అయినను ఆ నీటియందు మొసళ్లు కలవు గనుక పడవ అంచున చేతులు, కాళ్లు నీట జారవిడిచి కూర్చుండుట తగదు. ఇక పాపికొండల విహారము వేరు. భద్రాచల యాత్రికులు రోడ్డు మీదుగా పోచవరము చేరి అచ్చట లాంచీ నెక్కుదురు. రాజమహేంద్రవరము వైపు వారు గండిపోచమ్మ గుడి రేవునుండి బయలుదేరుదురు. భద్రాచలము నుండి రాజమహేంద్రవరము వరకు గల 171 కిలోమీటర్ల నదిని 2008లో 4వ జాతీయ జలమార్గమున చేర్చిరి. అయినను పోలవరము వద్ద కట్టడము అడ్డుగా లేచి, 2021 జూన్ మాసమున నదీప్రవాహము స్పిల్‌వే మీదుగా మళ్లింపబడినది. కాబట్టి పూర్వమువలె రాజమహేంద్రవరమున లాంచీ నెక్కి భద్రాద్రిలో దిగుట నేడు లేదు.

ఆనకట్ట గల నదిని చూచి ‘నీరు నిలిచియున్నది, భయము లేదు’ అనుకొనుట పెద్ద పొరపాటు. మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది, ఆనకట్ట పైభాగము. ఎగువనుండి చూచువానికి ఆనకట్ట అంచు కనబడదు. నీరు నునుపుగా అద్దమువలె తోచును. ఆ నునుపే అపాయము. అంచు సమీపమున ప్రవాహము వడి హెచ్చి, తెడ్డు వేయువాని బలమును మించును.

రెండవది, ఆనకట్ట క్రింది భాగము. అంచు మీదుగా దూకిన నీరు అడుగునకు పోయి, మరల పైకి లేచి, కట్టవైపునకే తిరిగి వచ్చును. ఆ నురుగులో చిక్కిన పడవను గాని మనిషిని గాని నీరు బయటకు పోనీయక మరల మరల కట్ట క్రిందకే లాగును. చూచుటకు ఆ పడుదల నిలువెత్తు కూడ లేకపోవచ్చును. గజ ఈతగాడు కూడ అందుండి బయటపడుట దుర్లభము. చేపల కొరకు, స్నానము కొరకు, ఫొటోల కొరకు కట్టక్రిందకు పోవు యువకులు దీనిని ముఖ్యముగా తెలిసికొనవలెను.

మూడవది, తలుపులు. ఎగువ ప్రాజెక్టుల తలుపులు ఎత్తినప్పుడు ఇచ్చట వాన చుక్క లేకున్నను నీరు పెరుగును. ఆకాశము నిర్మలముగా నున్నంత మాత్రమున నది శాంతముగా నున్నదని చెప్పరాదు.

ఈ మాటలు పుస్తకములకు మాత్రమే చెందినవి కావు. 2019 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారమునాడు పాపికొండల విహారమునకు బయలుదేరిన పడవ దేవీపట్నము మండలమందలి కచ్చులూరు వద్ద మునిగినది. నాడు నది వరదలో నున్నది. సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు పారుచుండెను. అనగా క్షణమునకు 5 లక్షల ఘనపుటడుగుల నీరు. మైదానమున విశాలముగా పరచుకొను నది అచ్చట కొండల నడుమ ఇరుకున దూరి, మలుపు తిరిగి, సుళ్లు తిరుగును. పడవలో 77 మంది యుండిరి. ఒడ్డునున్న గిరిజన గ్రామస్థులు తమ పడవలతో పోయి, అందినవారిని కాపాడిరి. 26 మంది బ్రదికిరి. 51 మంది నదిపాలైరి. మునిగిన పడవను కాకినాడ వాస్తవ్యులగు ధర్మాడి సత్యముగారి బృందము 38వ నాడు, అక్టోబరు 22న, పైకి తీసినది. అటుపిమ్మట విహారము నిలిపివేయబడి, రేవులయందు కంట్రోలు గదులు ఏర్పరచిన పిదప 2021 నవంబరులో మరల ప్రారంభమైనది.

ఆ 51 మందిలో ఎవరును చావునకై పోలేదు. ఆదివారము నాడు పిల్లాపాపలతో కొండలు చూడబోయిరి. నది నెరిగినవాడు ఆ దినమున ఆ మలుపునకు పోవునా యని అడిగినచో, పోడనియే సమాధానము వచ్చును. లాకు తలుపు తెరచుకొనుటకు రెండు వైపుల నీరు సమము కావలెను. కొండల నడుమ నదికి తలుపులు లేవు. కాబట్టి ఆగు పని మనిషియే చేసికొనవలెను.

విహారమునకు పోవువారు రేవున అడుగవలసిన ప్రశ్నలు ఎక్కువ లేవు. నేటి నీటిమట్టమెంత? పడవకు అనుమతిపత్రమున్నదా? ఎందరికి అనుమతి, ఎందరెక్కిరి? సరంగునకు లైసెన్సు కలదా? 2021 నాటి దేశీయ జలనౌకల చట్టము పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ, అర్హులగు సిబ్బంది, ప్రాణరక్షణ సామగ్రి, భీమా ఉండవలెనని విధించుచున్నది. కావున ఇవి అడుగుట సరంగును అవమానించుట కాదు. అడుగుట ప్రయాణికుని హక్కు. లైఫ్ జాకెట్టును దిండుగా వేసికొనక, ఒంటికి తొడిగి త్రాళ్లు బిగించుకొనవలెను. దృశ్యము బాగున్నదని అందరు ఒక్క ప్రక్కకు పోరాదు. పై అంతస్తున గుమికూడరాదు. బరువు పైకి చేరినకొలది పడవ నిలుకడ తగ్గును. మద్యము సేవించి పడవ నెక్కరాదు. సరంగు ‘నేడు వలదు’ అన్నచో అతనికి నమస్కరించి వెనుకకు మరలవలెను. అట్లనిన సరంగు ఆనాటి కూలిని వదలుకొని ఎదుటివాని ప్రాణము నిలిపినవాడు.

ఈ విహారముపై ఆధారపడి బ్రదుకువారును కలరు. లాంచీ కలాసీలు, రేవున టీ అమ్మువారు, పేరంటాలపల్లి వద్ద వెదురు బొమ్మలమ్ము కొండరెడ్ల కుటుంబములు ఈ రాకపోకలను నమ్ముకొన్నవారు. ఒక్క ప్రమాదము జరిగినచో రెండేండ్లు రేవు మూతపడునని 2019 తరువాత వారు అనుభవమున తెలిసికొనిరి. కావున జాగ్రత్త విహారికి మాత్రమే కాదు, రేవునకంతటికిని అన్నము పెట్టునట్టిది.

తుదకు ఈ గ్రంథాలయమునకు ఒక చిన్న విన్నపము. భద్రాచలము వద్ద గోదావరి మట్టము 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ప్రకటింతురు. 1986 ఆగస్టు 16న నది 75.6 అడుగులును, 2022 జూలై 16న 71.3 అడుగులును చేరినది. జూన్ మొదలు అక్టోబరు వరకు ప్రతిదినము ఉదయమున ఆనాటి నీటిమట్టమును గ్రంథాలయపు గుమ్మమున నల్లబల్లపై సుద్దముక్కతో వ్రాసియుంచిన బాగుండును. ప్రక్కనే ఆ మూడు హెచ్చరికల అంకెలును ఉండవలెను. పత్రిక చదువ వచ్చినవాడు దానిని చదువును. చదువురానివానికి మరియొకడు చదివి వినిపించును. పడవ కట్టువాడు, వల వేయువాడు, చుట్టములతో పాపికొండలు చూడబోవువాడు ఒక్క క్షణమాగి ఆ అంకెను చూచి పోవుదురు. దీనికి సుద్దముక్క ఖర్చు తప్ప వేరు ఖర్చు లేదు. ఇరువదియైదేండ్లు గ్రామమునకు అక్షరము నందించిన ఈ సంస్థ నది వ్రాయు అక్షరమును కూడ గ్రామస్థులకు చదివి చెప్పుగాక!