రెండు పూటలే వెలిగే పొయ్యి, ఐదుసార్లు ఆకలేసే బిడ్డ

 

భూమి గురించి, కుల ధ్రువీకరణ పత్రాల గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. వాటి మీద కొట్లాట ఎప్పుడూ ఉండేదే. ఈరోజు మాత్రం పొయ్యి గురించి మాట్లాడుకుందాం. గ్యాసు లేని ఇంట్లో రెండేళ్ళ లోపు బిడ్డకు ఏం పెడతాం, ఎన్నిసార్లు పెడతాం అనే మాట మన సభల్లో ఎప్పుడూ రాదు. అది ఆడోళ్ళ పని అని వదిలేస్తాం.

ఒక్క లెక్క చూడండి. బిడ్డ కడుపు ఒక్కో కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే 8 కిలోల బిడ్డకు 240 మిల్లీలీటర్లు, ఒక స్టీలు గ్లాసుడు. అంతకు మించి ఎంత ప్రేమతో పెట్టినా పట్టదు. అందుకే 9 నెలలు నిండిన బిడ్డకు రోజుకు 3, 4 సార్లు అన్నం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తాది. మొత్తం ఐదుసార్లు అనుకోండి.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. మూడు రాళ్ళ పొయ్యి, కంపకట్టెలు. తెల్లారుజామున ఒకసారి వెలుగుతాది, మాపటికి ఇంకోసారి. మధ్యలో అమ్మ కూలికి పోతాది. జమ్మలమడుగు దిక్కున నాపరాళ్ళ గనులకో, పులివెందుల దిక్కున అరటితోటలకో, చెనిక్కాయ చేలకో, ప్రొద్దుటూరులో పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరుకునేదానికో. వాన పడితే కట్టెలు తడుస్తాయి, ఆ పొద్దు పొయ్యే రాజదు. బిడ్డకు ఐదుసార్లు ఆకలేస్తాది, మన పొయ్యి రెండుసార్లే వెలుగుతాది. ఆ మూడుసార్ల తేడాలోనే మన పిల్లలు చిక్కిపోతున్నారు.

దానికి పెద్దోళ్ళు పెట్టిన పేరు ఏంది? "తల్లులకు అవగాహన లేదు." గోడ మీద బొమ్మేసి, పప్పు, ఆకుకూర, నెయ్యి వేసి అప్పటికప్పుడు మెత్తగా వండి పెట్టమంటారు. పెట్టకూడదని ఏ తల్లికి ఉంటాది? అప్పటికప్పుడు వండాలంటే అప్పటికప్పుడు మంట కావాల. పొద్దున వండిన అన్నమే మధ్యాహ్నం పెడదామంటే మన కడప ఎండల్లో అది గంటల్లో పాడైపోతాది. అది తిన్న బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే తిన్నదీ పోతాది, ఉన్న బలమూ పోతాది. ఇంట్లోనే మళ్ళీ మళ్ళీ కట్టెలు మండిద్దామంటే ఆ పొగకు పసిపిల్లలకు న్యుమోనియా ముప్పు పెరుగుతాది.

అందుకని రెండు పనులు ఒకేసారి చెయ్యాల. ఈరోజు బిడ్డ కడుపు నిండే దారి ఒకటి. మనకు రావాల్సింది అడిగి తెచ్చుకోవడం రెండోది.

మొదటిది ముందు చెప్తా. మంట అక్కర్లేని మొదటి ఆహారం తల్లిపాలు. ఆరు నెలలు అవి ఒక్కటే చాలు, నీళ్ళు కూడా వద్దు. ఆ తర్వాత అన్నంతో పాటు రెండేళ్ళు, ఆపైనా ఇవ్వచ్చు. పాలసీసా జోలికి పోవద్దు. సీసా శుభ్రం కావాలంటే రోజుకు నాలుగైదు సార్లు మరిగే నీళ్ళు కావాల, మన దగ్గర లేనిదే అది. గిన్నె, చెంచా చాలు.

రెండోది పొడి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మీద "హైదరాబాద్ మిక్స్" అని ఒకటి ఉంది. 40 గ్రాముల గోధుమలు, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగలు వేయించి పొడి కొట్టి, 20 గ్రాముల బెల్లం కలుపుతారు. దాంట్లో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఒకసారి వేయించి పెట్టుకుంటే వారం రోజులు పొయ్యి ముట్టించే పని లేదు.

వేయించేదానికీ కట్టెలు లేవంటారా? మన అంగళ్ళలో వేయించినవే దొరుకుతాయి. బొరుగులు, పుట్నాల పప్పులు, వేయించిన చెనిక్కాయలు. అదే లెక్కన అర కిలో బొరుగులకు 200 గ్రాముల పుట్నాలు, 125 గ్రాముల చెనిక్కాయలు. రోట్లో దంచినా సరే, మిల్లులో ఆడించినా సరే, మెత్తటి పొడి కావాల. బెల్లం రుచికి కొంచెం చాలు. తడి లేని డబ్బాలో మూతపెట్టి దాచండి. పొద్దున అన్నం వండే మంట మీదనే నీళ్ళు మరిగించి మూతపెట్టుకోండి, ఫ్లాస్కు ఉంటే ఇంకా మేలు. బిడ్డకు ఆకలైనప్పుడు చేతులు కడుక్కుని, రెండు మూడు చెంచాల పొడి ఆ నీళ్ళతో ముద్దగా కలిపి పెట్టడమే. నీళ్ళగా కలిపితే కడుపు నిండుతాది గానీ బలం రాదు.

జాగ్రత్తలు మూడే. బూజు పట్టిన చెనిక్కాయలు ఒక్కటి కూడా కలపొద్దు. పసిపిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. కలిపింది మిగిలితే మళ్ళీ పూటకు దాచొద్దు. ఇంక పులివెందుల అరటిపండు ఉండనే ఉంది. తొక్క తీసి చిదిమితే చాలు, మంటతో పని లేదు. గుడ్డు దొరికితే పొద్దున అన్నంతో పాటే ఉడికించి, అప్పుడే పెట్టండి. అంగన్వాడీలో ఇచ్చే బాలామృతం కూడా వేయించిన పిండే. నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్టు. అది బిడ్డది. ఇంట్లో అందరూ పంచుకుంటే బిడ్డకు పది రోజులు కూడా రాదు.

ఇంతవరకు మన చేతిలో ఉన్నది. కానీ పొడి డబ్బా చూపించి "మీకు పొయ్యి ఎందుకులే" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఇది ఈ పూట గడిచే దారి మాత్రమే.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు ఆరు నెలల నుంచి మూడేళ్ళ బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఉండే ఆహారం ఉచితంగా ఇంటికి రావాలని రాశారు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్వాడీలో వేడి అన్నం పెట్టాల. బాగా చిక్కిన బిడ్డకైతే అప్పట్లో 800 కేలరీలు అన్నారు. ఇది దయ కాదు, చట్టం. అంగన్వాడీ దూరమా? ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, అడిగిన మూడు నెలల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో చెప్పింది. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలని కూడా చెప్పింది.

గ్యాసు సంగతి. ఉజ్జ్వల పథకంలో ఇంట్లో వేరే కనెక్షన్ లేని పేద ఎస్టీ మహిళ 18 ఏళ్ళు నిండితే అర్హురాలు. 2021 ఆగస్టులో మొదలైన రెండో విడతలో వలస కుటుంబాలు చిరునామాకు సొంతంగా రాసిచ్చే పత్రం చాలన్నారు. మన రాష్ట్రంలో దీపం-2 కింద 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మంచిదే. కానీ కనెక్షనే లేని గుడిసెకు ఉచిత సిలిండరు ఎట్ల వస్తాది? పైగా పథకం మొదలైనప్పుడు పెట్టిన పద్ధతి ఏందంటే, ముందు మనం డబ్బు కట్టాల, 48 గంటల్లో ఖాతాలో పడతాది. రోజు కూలికి ఆ ముందు డబ్బే దొరకదు.

ఇంకో సంగతి. 2020లో తెచ్చిన సంపూర్ణ పోషణ ప్లస్ 77 గిరిజన మండలాలకే ఇచ్చారు. మన జిల్లా దాంట్లో లేదు. కడపలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు కాబట్టి మనం ఆదివాసులం అయినా మన ఊరు ఆదివాసీ ఊరు కాదంట. బిడ్డ ఆకలికి మండలం హద్దు తెలుసా?

ఇది విన్న, చదివిన చదువుకున్న పిల్లోళ్ళకు, పిల్లలకు నా మనవి. ఈ నెలలో మీ వాడలో ఆరేళ్ళలోపు పిల్లల పేర్లు, గ్యాసు ఉందా లేదా, అంగన్వాడీ ఎంత దూరం, ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆరు నెలలు దాటి ఐదేళ్ళలోపు ఉన్న బిడ్డ జబ్బ చుట్టుకొలత టేపుతో కొలవండి. 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అంగన్వాడీ టీచరుకు చూపించండి. 11.5 కంటే తక్కువుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ జాబితా అర్జీగా చేసి పులివెందులోళ్ళు పులివెందుల ఆర్డీఓకు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరోళ్ళు జమ్మలమడుగు ఆర్డీఓకు ఇవ్వండి. రసీదు తీసుకోకుండా వెనక్కి రావొద్దు.

పేర్లు లేని ఆకలిని ఆఫీసులో ఎవరూ చూడరు. పేరు, వయసు, జబ్బ కొలత రాసిన కాగితం బల్ల మీద పెట్టినప్పుడు, దానికి ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే. ఆ కాగితం మనమే రాయాల.

జై ఆదివాసీ.